చలిలో కనిపెట్టడం: కోరాపుట్ మంచులో ఆగమన కాలం

[దృశ్యం: ఒడిశాలోని కోరాపుట్ శివారు, తెల్లవారుజాము. మంచులో లారీ లైట్లు మాత్రం కనబడుతున్నాయి.]

అందరికీ వందనాలు. మఫ్లరు, స్వెట్టరు, పైన దుప్పటి. అయినా మాట వణుకుతోంది, ఏమీ అనుకోకండి.

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య వచ్చే ఆదివారంతో మొదలు. గుడిలో ఊదా రంగు గుడ్డ, వారానికో కొవ్వొత్తి.

[దృశ్యం: పాత బండి చక్రం మీద కొవ్వొత్తులు.]

ఈ కొవ్వొత్తులకో కథ ఉంది. 1839లో హాంబర్గ్‌లో యోహాన్ వీఖెర్న్ అనే లూథరన్ బోధకుడు పేదపిల్లల ఆశ్రమం నడిపేవాడు. పండగ ఎప్పుడని పిల్లలు ప్రాణం తీస్తుంటే బండి చక్రం మీద 20 చిన్న కొవ్వొత్తులు, 4 పెద్దవి నిలబెట్టాడు. రోజుకొకటి, ఆదివారాలకు పెద్దది.

1882లో ఈ కొండలకు సువార్త తెచ్చినవాళ్లూ జర్మన్ లూథరన్లే. కానీ డిసెంబరు చివర హాంబర్గ్‌లో పగలు ఏడున్నర గంటలే, మనకు 11 గంటలు. ఆ చీకటిని మనం అరువు తెచ్చుకోనక్కర్లేదు. బెత్లెహేములో మంచు కురిసిందని సువార్తల్లో ఎక్కడా లేదు. మనం మాత్రం పశువుల పాక మీద దూది అంటించడం మానం!

[దృశ్యం: కళ్లం. వరి కుప్పలు, పక్కన నెగడు.]

మన చలి ఇక్కడుంది. కోతలయ్యాక ధాన్యానికి రాత్రి ఎవరో కాపలా పడుకోవాలి. కావలివాళ్లు ఉదయం కోసం కనిపెట్టేదానికంటే ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతోందంటుంది 130వ కీర్తన. తెలుగు బైబిల్లో కనిపెట్టడమంటే ఎదురుచూడటం. బయటేమో, కనుక్కోవడం. సండే స్కూల్లో నేను రెండోదే అనుకుని జవాబు చెబితే అందరూ నవ్వారు. కళ్లంలో పడుకున్నాక ఆ జవాబు అంత తప్పు కాదనిపించింది. నిద్ర కాచుకుంటేనే మంచు గడ్డి మీద చుక్కచుక్కగా రాలడం వినబడుతుంది. కిరండూల్ నుంచి విశాఖకు ఇనుప ఖనిజం మోసే గూడ్సు ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. ఇంట్లో తలుపులేసుకుంటే ఇవేవీ ఉండవు.

[దృశ్యం: గుమ్మంలో బియ్యప్పిండి ముగ్గు.]

మార్గశిర గురువారాల్లో పక్కింటి ఒడియావాళ్లు మాణబసా అనే లక్ష్మీ పూజకు గుమ్మంలో లక్ష్మీ పాదాలు వేస్తారు. వాళ్లదీ ఒక రాక కోసమే.

[దృశ్యం: నెగడు ఆరిపోతోంది. దుప్పటిలోంచి ఒక ముసలి గొంతు.]

"తెల్లారిందేటి, బాబూ?"

"ఇంకా లేదు తాతా. కోడి కూసింది."