సైకిల్ మీద వెళ్లే మనిషిని చంపిన డ్రైవర్‌కి మళ్లీ స్టీరింగ్ ఎప్పుడు ఇవ్వాలి?

అందరికీ నమస్కారం. ఉన్న టైమ్ తక్కువ కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను. సైకిల్ మీద పోతున్న మనిషిని కారో లారీయో గుద్ది చంపేసిందని వార్త వస్తే మన మధ్య వాదన అంతా ఒక్కచోటే తిరుగుతుంది, ఆ డ్రైవర్‌కి ఎన్నేళ్లు జైలు వెయ్యాలి అని. ఐదేళ్లా, పదేళ్లా, యావజ్జీవమా. కోపం న్యాయమైందే, ప్రాణం పోయింది కదా. కానీ నాకు అర్థమైనంతవరకు ఆ ఏళ్ల లెక్క కంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. అసలు ఏ సెక్షన్ కింద కేసు పెట్టారు? ఆ మనిషి మళ్లీ బండి నడుపుతాడా, లేదా? ఈ రెండిటికీ సరైన జవాబు రాకపోతే చట్టంలో పైన ఎంత పెద్ద శిక్ష రాసిపెట్టినా అది కాగితం మీదే ఉండిపోతుంది.

బ్రిటన్ సంగతి చూడండి, ఈ విషయంలో ఎక్కువ మార్పులు చేసిన దేశాల్లో అదొకటి. 1991కి ముందు అక్కడ చట్టం డ్రైవర్ మనసులో ఏముందో వెతికేది, తెలిసి తెలిసి లెక్కలేనితనంతో నడిపాడా అని, దాన్ని రుజువు చెయ్యడం చాలా కష్టమయ్యేది. 1991లో దాన్ని మార్చి మనసు సంగతి పక్కనపెట్టి నడిపిన తీరు చూడమన్నారు. జాగ్రత్తగా, చేతనైన డ్రైవర్ నుంచి ఆశించే స్థాయి కంటే కిందికి పడితే అజాగ్రత్త, బాగా కిందికి పడితే ప్రమాదకరం. 2022 జూన్ 28 నుంచి ప్రమాదకరంగా నడిపి చంపితే గరిష్ఠ శిక్ష 14 ఏళ్ల నుంచి యావజ్జీవానికి పెరిగింది. అజాగ్రత్తతో చంపితే మాత్రం గరిష్ఠం ఐదేళ్లే, అదైనా 2008లో వచ్చింది, అంతకుముందు మత్తులో లేని డ్రైవర్ అజాగ్రత్త వల్ల మనిషి చనిపోయినా జరిమానా తప్ప జైలు లేదు. అంటే ఇప్పుడు ఒకవైపు ఐదేళ్లు, ఇంకోవైపు యావజ్జీవం, మధ్యలో ఉన్న గీత ఏంటంటే కొంచెం కిందికి పడ్డాడా, బాగా కిందికి పడ్డాడా అని ప్రాసిక్యూటరూ ఆ తర్వాత జ్యూరీ చేసే అంచనా. ఆ జ్యూరీలో కూర్చునేవాళ్లలో ఎక్కువమంది రోజూ కారు నడిపేవాళ్లే, ఒక్క సెకను అటు చూశాను అని ముద్దాయి చెప్తుంటే నేనూ అలా చూస్తాను కదా అనిపించడం మనిషి సహజం. అందుకే నా నమ్మకం ఏంటంటే అసలు యుద్ధం శిక్ష రోజున కాదు, చార్జ్ రాసే రోజునే జరిగిపోతుంది.

ఇక ప్రతి కేసులో వినపడే మాట, "నాకు కనపడలేదు". ఎండ కళ్లల్లో పడింది, వాన పడుతోంది, సైకిల్ సడన్‌గా వచ్చింది. ఈ మాట విన్న దగ్గర్నుంచి జనానికి సానుభూతి డ్రైవర్ వైపు తిరిగిపోతుంది, చచ్చిపోయిన మనిషి హెల్మెట్ పెట్టుకున్నాడా, మెరిసే జాకెట్ వేసుకున్నాడా అని అడగడం మొదలవుతుంది. కానీ ఆలోచించండి, ఎండ కళ్లల్లో పడి ముందు ఏముందో తెలియట్లేదంటే చెయ్యాల్సిన పని బ్రేక్ మీద కాలు పెట్టడం, అదే స్పీడులో గుడ్డిగా పోవడం కాదు. కనపడలేదు అనేది సాకు కాదండీ, తప్పు ఒప్పుకోవడం, కోర్టులు కూడా దాన్ని అలాగే చూడాలి. ముందు ఖాళీగా ఉందని కనపడినంత దూరంలో ఆపగలిగే వేగంలో నడపాలనేది డ్రైవింగ్ నేర్చుకునే మొదటి రోజుల్లో చెప్పే పాఠం. వేగం విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఒకటుంది, కారు ముందు భాగం తగిలిన పాదచారికి చనిపోయే ప్రమాదం గంటకి 50 కిలోమీటర్ల దగ్గర్నుంచి 65కి వెళ్లేసరికి నాలుగున్నర రెట్లవుతుంది. సైకిల్ మీదున్న మనిషి చుట్టూ కూడా ఇనుము లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు. ఇంగ్లండ్‌లో 2023 జూలై నుంచి అమల్లో ఉన్న శిక్షల మార్గదర్శకాల్లో చనిపోయింది సైక్లిస్టో పాదచారో అయితే దాన్ని శిక్ష పెంచే అంశంగా చూడమన్నారు, అది నాకు చాలా సరైనదిగా అనిపిస్తుంది, ఎందుకంటే తక్కువ రక్షణ ఉన్నవాడి పక్కనుంచి వెళ్తున్నప్పుడు ఎక్కువ జాగ్రత్త ఉండాలి.

చార్జ్ సరిగ్గా ఉండాలంటే సాక్ష్యం కావాలి. ఇలాంటి కేసుల్లో పెద్ద కష్టం ఏంటంటే రెండు వైపుల కథ చెప్పగలిగిన ఇద్దరిలో ఒకళ్లు బతికిలేరు. బతికున్న మనిషి చెప్పిందే మొదటి రిపోర్టులోకి ఎక్కుతుంది, సైకిల్ అడ్డంగా వచ్చింది అని, ఆ వాక్యమే చివరిదాకా కేసుని పట్టుకుని వేలాడుతుంది. కాబట్టి మొదటి కొన్ని గంటల్లో ఫోన్ తీసుకుని ఆ నిమిషంలో ఏం జరుగుతోందో చూశారా, చుట్టుపక్కల సీసీ కెమెరాల ఫుటేజ్ చెరిగిపోకముందే తీశారా, రక్త పరీక్ష ఎప్పుడు చేశారు, ఇవే కేసు భవిష్యత్తు. యూరోపియన్ యూనియన్‌లో 2024 జూలై నుంచి అమ్మే కొత్త కార్లన్నిట్లో గుద్దుకోవడానికి ముందు కొన్ని సెకన్ల వేగం, బ్రేక్ నమోదు చేసే రికార్డర్ తప్పనిసరి చేశారు. కారే సాక్ష్యం చెప్తుంటే కనపడలేదు, మెల్లగానే వెళ్తున్నాను అనే మాటలకి చోటు తగ్గుతుంది.

ఇప్పుడు గుద్ది పారిపోవడం గురించి. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. తాగి నడిపి గుద్దినవాడు అక్కడే ఆగితే రక్త పరీక్షలో దొరికిపోతాడు, పారిపోయి రేపు పొద్దున లాయర్‌తో వస్తే తాగిన సంగతి రుజువు చెయ్యడమే కష్టం. బ్రిటన్‌లో ఆగకుండా వెళ్లిపోయిన నేరానికి విడిగా గరిష్ఠ శిక్ష ఆరు నెలలే. అంటే చట్టమే పారిపోతే లాభం అని చూపిస్తున్నట్టుంది. కెనడాలో అలా కాదు, మనిషి చనిపోయిన ప్రమాదంలో ఆగకుండా పోతే యావజ్జీవం దాకా ఉంది. ఇండియాలో పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో వచ్చిన కొత్త న్యాయ సంహిత 106 సెక్షన్‌లో, పోలీసులకో మేజిస్ట్రేట్‌కో చెప్పకుండా పారిపోతే పదేళ్లు అని రాశారు, 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్లు దేశమంతా ఆందోళన చేశారు, జూలై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క భాగాన్ని పక్కనపెట్టారు. డ్రైవర్ల భయాన్ని నేను కొట్టిపారేయను, జనం గుమిగూడి కొడతారనేది ఉత్త మాట కాదు. కానీ దానికి జవాబు ఉంది కదా, అక్కడ ప్రాణభయం ఉంటే దగ్గర్లోని స్టేషన్‌కి వెళ్లి చెప్పు, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి, అలా చేసినవాణ్ణి పారిపోయినవాడిగా చూడం అని స్పష్టంగా రాసి అమలు చెయ్యొచ్చు. రోడ్డు మీద రక్తం కారుతూ పడున్న మనిషికి ఆ పది నిమిషాలే అన్నీ.

ఇండియాలో నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే పాత ఐపీసీ 304ఎ కింద గరిష్ఠం రెండేళ్లు, ఇప్పుడు సంహిత 106 మొదటి భాగం కింద ఐదేళ్లు. తాగి నడిపి చంపిన రెండు వేర్వేరు కేసుల్లో సుప్రీంకోర్టు 2012లో ఇది ఉత్త నిర్లక్ష్యం కాదు, ప్రాణం పోవచ్చని తెలిసీ చేసిన పనికి పెట్టే ఐపీసీ 304 రెండో భాగం వర్తిస్తుంది అని తేల్చింది, దానికి పదేళ్ల దాకా ఉంది. మళ్లీ అదే సంగతి, సెక్షన్ ఏదన్నదే అసలు తేడా. 2015లో పంజాబ్ కేసు ఒకటి, ఇద్దరు చనిపోతే కింది కోర్టు ఏడాది వేసింది, బాధితుల కుటుంబానికి నష్టపరిహారం కట్టాడని హైకోర్టు దాన్ని అప్పటికే గడిపిన 24 రోజులకి తగ్గించింది, సుప్రీంకోర్టు ఆరు నెలలకి పెంచింది. పరిహారం ఇవ్వాల్సిందే, ఆ ఇంటికి సంపాదించే మనిషి పోయాడు, అది వాళ్ల హక్కు, కానీ ఆ డబ్బుతో జైలు రోజులు కొనుక్కునే దారి తెరిస్తే డబ్బున్నవాడికి ఒక చట్టం, లేనివాడికి ఒక చట్టం అవుతుంది.

ఇక లైసెన్స్. జైలు శిక్ష ఎంత పెంచినా నేరం చేసే క్షణంలో డ్రైవర్‌ దాన్ని లెక్కపెట్టుకుని నడపడు, దొరుకుతాననే నమ్మకమే మనిషిని ఆపుతుంది అని నేరశాస్త్రం చాలాకాలంగా చెప్తోంది. ఫోన్ చూస్తూ నడిపేవాడికి నేను ఒకర్ని చంపబోతున్నాను అనే ఆలోచనే ఉండదు, యావజ్జీవం గుర్తెక్కడ వస్తుంది? కావాలని ప్రాణాలతో ఆడుకున్నవాళ్లకి పెద్ద శిక్ష పడాలి, అందులో నాకు రెండో ఆలోచన లేదు. 2016లో బెర్లిన్‌లో సిటీ మధ్యలో కార్ల రేసు పెట్టి ఒక మనిషిని చంపిన కేసులో 2020లో జర్మనీ పై కోర్టు ఒక డ్రైవర్ మీద హత్య తీర్పునే నిలబెట్టింది. కానీ మిగతా కేసుల్లో, నిర్లక్ష్యంగా నడిపి చంపిన మామూలు మనిషి విషయంలో, సమాజానికి నిజంగా కావాల్సింది అతను మళ్లీ బండి నడపకపోవడం. బ్రిటన్‌లో ప్రమాదకరంగా నడిపి చంపితే కనీసం ఐదేళ్లు నిషేధం, ఆ తర్వాత మామూలు కంటే పొడుగైన డ్రైవింగ్ పరీక్ష పాస్ కావాలి, జైల్లో గడిపే కాలం ఆ నిషేధాన్ని మింగెయ్యకుండా అదనపు రోజులు కలుపుతారు. ఇండియా మోటారు వాహనాల చట్టంలో కోర్టుకి అనర్హుడిగా ప్రకటించే అధికారం ఉంది కానీ ఇలాంటి కేసులో అది కోర్టు ఇష్టం, తప్పనిసరి కాదు.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, డ్రైవింగే బతుకుదెరువైన మనిషి ఏం తింటాడు అని. మంచి ప్రశ్న, నేను దాటెయ్యను. కానీ ఆపరేషన్‌లో ఘోరమైన నిర్లక్ష్యంతో మనిషిని చంపిన డాక్టర్‌ని పాపం బతుకుదెరువు అని మళ్లీ థియేటర్‌లోకి పంపం కదా. అతనికి వేరే పని దొరికేలా సాయం చెయ్యండి, శిక్షణ ఇవ్వండి, కుటుంబాన్ని ఆదుకోండి, అవన్నీ సరే, స్టీరింగ్ మాత్రం వద్దు. కాబట్టి నా విన్నపం, ముఖ్యంగా ఇక్కడున్న లాయర్లకీ బాధిత కుటుంబాల తరఫున తిరిగేవాళ్లకీ. శిక్ష మీద వాదనలు జరిగే రోజు జైలు ఏళ్ల గురించి మాట్లాడిన తర్వాత ఆగిపోకండి. నిషేధం ఎన్నేళ్లు, విడుదలైన రోజు నుంచి లెక్క మొదలవుతుందా, మళ్లీ పరీక్ష పెడతారా, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి, జడ్జి గారు వాటికి తీర్పులో జవాబు రాసేదాకా అడగండి.