పాట కోసం సినిమానా, సినిమా కోసం పాటా? పంజాబీ చిత్రసీమపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. 2023లో ‘క్యారీ ఆన్ జట్టా 3’ ప్రపంచవ్యాప్తంగా వంద కోట్ల వసూళ్లు దాటింది. ఇక పంజాబీ సినిమాకి ఢోకా లేదన్నారు చాలామంది. మేడం, మీరు మాత్రం ఒప్పుకోవట్లేదు.

విమర్శకురాలు: ఆ అంకె మన దేశంలో తీసిన పంజాబీ సినిమాల లెక్క. అంతకు ముందు ఏడాదే పాకిస్తాన్ నుంచి ‘ద లెజెండ్ ఆఫ్ మౌలా జట్’ వచ్చి దేశదేశాల్లో విరగబడి ఆడింది. అదీ పంజాబీ సినిమాయే. కానీ అమృత్‌సర్ ప్రేక్షకుడు దాన్ని థియేటర్లో చూడలేకపోయాడు. రిలీజ్ చేద్దామని ప్రయత్నించారు, ఆగిపోయింది. 1947కి ముందు పంజాబీ సినిమాకి లాహోరే పెద్ద కేంద్రం. విభజనతో స్టూడియోలు అటు ఉండిపోయాయి, చాలామంది కళాకారులు బొంబాయి చేరారు. ఆ దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు.

డిస్ట్రిబ్యూటర్: విదేశాల్లో ఆ గోడ లేదండీ. కెనడాలోని బ్రాంప్టన్‌లో, లండన్‌లోని సౌతాల్‌లో రెండువైపుల పంజాబీలూ ఒకే హాల్లో కూర్చుని చూస్తారు. 2025లో ‘సర్దార్‌జీ 3’ చూడండి. పహల్గామ్ దాడి తర్వాత, అందులో పాకిస్తానీ నటి ఉందని ఇక్కడ గొడవ. భారత్‌లో విడుదలే కాలేదు. విదేశాల్లో మాత్రం బాగా ఆడింది.

రచయిత: అంటే పంజాబీ సినిమా పంజాబ్‌లో లేకుండానే బతికేయగలదన్నమాట! నాకు భయం వేసేది అక్కడే సార్.

వ్యాఖ్యాత: భయం దేనికి?

రచయిత: ఎవరి కోసం తీస్తున్నామో వాళ్లకి నచ్చే ఊరే తెర మీదకొస్తుంది. 2002లో ‘జీ ఆయాఁ నూఁ’ వచ్చింది. తీవ్రవాదం రోజుల్లో చితికిపోయిన పరిశ్రమ అది. నటుడు, దర్శకుడు వరీందర్‌ని 1988లో షూటింగులోనే కాల్చి చంపారు. అలాంటి చోట ఆ సినిమా మళ్లీ ప్రాణం పోసింది, కాదనను. కానీ అప్పటినుంచి కెనడా, పెళ్లి, ఆవాల పొలం, ట్రాక్టరు. అప్పుల్లో మునిగిన రైతు, మత్తుకి బలైన కుర్రాడు ఎప్పుడో గానీ కనిపించరు.

విమర్శకురాలు: టైటిళ్లే చూడండి, ఎన్నిట్లో ‘జట్’ ఉంటుందో. అది అక్కడ భూములున్న రైతు కులం పేరు. 2011 జనగణన ప్రకారం పంజాబ్ జనాభాలో దాదాపు 32 శాతం దళితులు. దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఆ నిష్పత్తి అంత లేదు. వాళ్లెక్కడ? పంజాబీ రచయిత గుర్‌దియాల్ సింగ్ నవల ఆధారంగా, దళితుల బతుకు మీద గుర్వీందర్ సింగ్ ‘అన్హే ఘోడే దా దాన్’ తీశాడు. 2011లో వెనిస్ ఉత్సవానికి వెళ్లింది, జాతీయ అవార్డులొచ్చాయి. 2015లో ఆయనదే ‘చౌథీ కూట్’ కాన్ చిత్రోత్సవానికి వెళ్లింది. వీటికి మామూలు థియేటర్లలో దక్కిన చోటు ఎంత?

డిస్ట్రిబ్యూటర్: నా డబ్బు పెట్టి వేయమంటారా మేడం? (నవ్వులు) మా లెక్క చెప్తాను. దిల్జీత్ దోసాంజ్, అమ్మీ విర్క్, గిప్పీ గ్రేవాల్... వీళ్లంతా ముందు గాయకులు. మెల్‌బోర్న్‌లో షోలు చేసినప్పుడే అభిమానులు తయారై ఉంటారు. పాట యూట్యూబ్‌లో పడితే సగం పబ్లిసిటీ అయిపోయినట్టే. కొత్త నటుడికి ఆ స్థాయి గుర్తింపు రావాలంటే నేనెంత ఖర్చు పెట్టాలి?

రచయిత: సరే, ఆ లెక్క మా టేబుల్ దగ్గర ఎలా ఉంటుందో వినండి. హీరో పాటలు ముందే తయారు. నాలుగు పాటల మధ్య ఖాళీ నింపడానికి కథ కావాలి. సినిమా లేని రోజుల్లోనూ పాటలతో హీరోకి గడుస్తుంది. రాసేవాడికి ఆ వెసులుబాటు లేదు. అందుకే కాస్త కలం తిరిగినవాడు ముంబై బండెక్కేస్తాడు.

వ్యాఖ్యాత: మద్రాసు నుంచి హైదరాబాద్ వచ్చి తెలుగు పరిశ్రమ నిలదొక్కుకుంది. వాళ్లకి మొహాలీ, చండీగఢ్ అలా ఎందుకు కాలేదు?

విమర్శకురాలు: మన ప్రేక్షకుల్లో చాలామందికి హిందీ సినిమా పరాయిభాషే, అది మనకి కలిసొచ్చింది. పంజాబీకి హిందీ సినిమా సబ్‌టైటిళ్లు లేకుండానే అర్థమవుతుంది. పైగా అందులో పాటలూ, భాంగ్రా సగం వాళ్లవే! ఒకే మల్టీప్లెక్స్‌లో పక్క స్క్రీన్ మీద ముంబై పెద్ద సినిమా ఆడుతుంటే, టికెట్ డబ్బులు దేనికి పెట్టాలో ఆలోచించడా? ‘చౌపాల్’ లాంటి సొంత ఓటీటీ వచ్చింది, మంచిదే. కానీ చిన్న సినిమా ఖర్చంతా అదొక్కటే మోయలేదు.

వ్యాఖ్యాత: మరి దారేది?

రచయిత: ‘గోడ్డే గోడ్డే చా’ చూశారా? పెళ్లి ఊరేగింపులో మగవాళ్లే వెళ్లే ఊళ్లో, మేమూ వస్తామని ఆడవాళ్లు పట్టుబట్టడమే కథ. నవ్విస్తూనే చురక పెడుతుంది. 71వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ పంజాబీ చిత్రం అదే. ఊరుంది, నవ్వుంది, పాటలున్నాయి. కెనడా వీసా గొడవే లేదు. సార్, అలాంటి కథ రేపు తెస్తే తీసుకుంటారా?

డిస్ట్రిబ్యూటర్: తప్పకుండా. పాటలెవరు పాడుతున్నారో మాత్రం ముందు చెప్పండి.