కన్నం కంటికి పెట్టండి, పిస్టల్‌కి వద్దు

అధ్యక్షులు గారికి, వేదిక మీదున్న పెద్దలకు, కోచ్‌లకు, ముందు వరసలో ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకుని కూర్చున్న పిల్లలకు, వెనక వరసలో పెట్టుకోని వాళ్ళ నాన్నలకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన సెక్రటరీ గారు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. అందులో సగమే నిజం. ఏ సగమో ఆయనకీ నాకూ తెలుసు కాబట్టి అక్కడితో వదిలేద్దాం.

ఆహ్వానపత్రికలో నా అంశం 'పిస్టల్ షూటింగ్‌లో ఆధునిక సైట్లు' అని వేశారు. సైట్లంటే గురి చూడ్డానికి పిస్టల్ మీదుండే ముక్కలు. అది చెప్పగలిగినవాళ్ళు నాకంటే మెరుగైనవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. నేను ఒకే ఒక్క కన్నం గురించి మాట్లాడి దిగిపోతాను. ఎందుకంటే ఈమధ్య నలభై దాటిన పిస్టల్ షూటర్ ఎవరు కలిసినా అదే పాట. "రైఫిల్ వాళ్ళకి పీప్ సైట్ ఉంది, చిన్న కన్నంలోంచి గురి చూస్తారు, వాళ్ళ పని హాయి. మనమూ పిస్టల్ వెనక ఒకటి బిగించుకుంటే పోలా?" అని. బిగించుకున్నవాళ్ళూ ఉన్నారు. డబ్బు పోయింది, గురి రాలేదు, చివరికి "నా కళ్ళయిపోయాయండీ" అని పిస్టల్ పెట్టెలో పెట్టేసినవాళ్ళున్నారు. నా కడుపుమంటంతా వాళ్ళ గురించే. కళ్ళు అయిపోలేదు బాబూ. కన్నం పెట్టిన చోటు తప్పు.

పిల్లల కోసం ముందు నుంచి చెబుతాను. పిస్టల్ మీద గురి చూసేటప్పుడు మూడు వస్తువులు మూడు దూరాల్లో ఉంటాయి. చెయ్యి బారుగా చాపితే రియర్ సైట్, అంటే పిస్టల్ వెనక చివర గాడి ఉన్న ముక్క, కంటికి దాదాపు 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ఫ్రంట్ సైట్, అంటే గొట్టం ముందు చివర నిలబడే ఇనప ముక్క, దాదాపు ఒక మీటరు. టార్గెట్ 10 మీటర్లు. కన్ను ఒకసారి ఒక్క దూరాన్నే స్పష్టంగా చూడగలదు. అందుకే మీ కోచ్ గొంతు పోయేలా అరుస్తాడు, "ఫ్రంట్ సైట్ చూడు, ఫ్రంట్ సైట్ చూడు" అని. టార్గెట్ కాస్త మసకబారినా ఫరవాలేదు. ఫ్రంట్ సైట్ మసకబారితే కొంప మునుగుతుంది. ఎంత మునుగుతుందో లెక్క చూడండి. ఎయిర్ పిస్టల్‌లో రెండు సైట్ల మధ్య దూరం 330 మిల్లీమీటర్లు అనుకుందాం. ఫ్రంట్ సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే 10 మీటర్ల దగ్గర దెబ్బ 30 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. మన టార్గెట్ మీద ఒక్కో రింగు వెడల్పు 8 మిల్లీమీటర్లు. అంటే దాదాపు నాలుగు రింగులు ఎగిరిపోయినట్టే. ఇక చిన్న సర్వీస్ పిస్టల్ సంగతి, సైట్ల మధ్య 160 మిల్లీమీటర్లే ఉండి 25 మీటర్లకి కాల్చేది, చెప్పకపోవడమే మంచిది. అదే ఒక్క మిల్లీమీటరు అక్కడ 15 సెంటీమీటర్లు దాటుతుంది.

ఇరవయ్యేళ్ళ కంటికి ఇది సమస్య కాదు. నలభై దాటాక చత్వారం వస్తుంది, ఫ్రంట్ సైట్ అంచులు నూగు పట్టినట్టు కనిపిస్తాయి. అప్పుడు పక్క లేన్‌లో రైఫిల్ వాళ్ళని చూస్తాం. వాళ్ళకి రియర్ సైట్ అంటే గుండ్రటి డిస్క్, మధ్యలో చిన్న కన్నం. చెంప బట్‌కి ఆనించి, కన్ను ఆ కన్నానికి కొన్ని సెంటీమీటర్ల దగ్గర పెడతారు. కన్నాన్ని ఎవరూ చూడరు, అందులోంచి చూస్తారు. ఫ్రంట్ సైటూ, టార్గెటూ రెండూ బాగానే కనిపిస్తాయి. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో 10 పాయింట్లు వచ్చే నడిమి గుర్తు అర మిల్లీమీటరు చుక్క. మన పిస్టల్ 10 వచ్చి 11.5 మిల్లీమీటర్లు. ఆ తేడా చూడగానే మనకి ఆశ పుడుతుంది. ఆ కన్నం మనకీ ఉంటే?

నేనిక్కడ ఒక చార్టు చూపించాలనుకున్నాను. ప్రొజెక్టర్ పనిచేయడం లేదట. మంచిదే అయింది. అందరూ మీ చేతిలో ఉన్న ఆహ్వానపత్రిక తీయండి. అద్దాలున్నవాళ్ళు అద్దాలు తీసేయండి. పెద్దాయనా, మీరు కూడా. పత్రికని ముక్కుకి జానెడు కన్నా దగ్గరగా తెచ్చుకోండి, అక్షరాలు అలుక్కుపోయే దాకా. ఇప్పుడు చూపుడువేలు బాగా మడవండి, మడతలో సూదిబెజ్జం అంత సందు రావాలి. ఆ సందుని కంటికి ఆనించి, రెండో కన్ను మూసి, అక్షరాలు చూడండి. ఏమైంది? నా పేరు చదవగలుగుతున్నారా? అచ్చుతప్పుతో సహా కనిపిస్తుంది.

కన్ను మారలేదు. కంటిపాప మొత్తం నుంచి వచ్చే వెలుగు రకరకాల దారుల్లో వచ్చి మసక పుట్టిస్తుంది. కన్నం ఆ వెలుగులో సన్నటి పాయ ఒక్కటే లోపలికి వదులుతుంది, మసక తగ్గుతుంది. కళ్ళ డాక్టరు నల్లటి ప్లేటుకి ఒక మిల్లీమీటరు పైచిలుకు కన్నం ఉన్నది కంటికి అడ్డం పెట్టి చదవమంటాడు చూడండి, అది కూడా ఇదే. అందులోంచి చూపు మెరుగైతే చాలావరకు అద్దాలతో సరిపోతుంది. మెరుగు కాకపోతే వేరే కారణం వెతుకుతాడు. ఇంట్లో వేలి సందులోంచి కూడా చూపు ఏమాత్రం బాగుపడలేదంటే సైట్లు కొనే పని మానేసి ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఈ మాట మళ్ళీ చెబుతాను. ముందు డాక్టరు.

ఇప్పుడు అదే వేలిని, అదే సందుని, చెయ్యి బారుగా చాపి చూడండి. గోడ మీద గడియారం చూడండి. టైమ్ ఎంతయింది? ఎవరూ చెప్పరేం? తాళం కన్నంలోంచి లోపలికి చూడాలంటే కన్ను తలుపుకి ఆనించాలి గానీ, వరండాలో నిలబడి చూస్తే ఏం కనిపిస్తుంది? పిస్టల్ వెనక బిగించిన పీప్ సైట్ కథ అంతే.

లెక్కలో చెబుతాను, కొట్టుకి వెళ్ళినప్పుడు పనికొస్తుంది. 2 మిల్లీమీటర్ల కన్నం, కంటికి 70 సెంటీమీటర్ల దూరం. కంటి మధ్య నుంచి గీత గీస్తే ఆ కన్నం ఫ్రంట్ సైట్ దగ్గరికి వెళ్ళేసరికి 3 మిల్లీమీటర్ల కిటికీ అవుతుంది. మన ఎయిర్ పిస్టళ్ళ ఫ్రంట్ సైట్ వెడల్పే 4 మిల్లీమీటర్లు ఉంటుంది. కన్నం నిండా ఇనుమే! 10 మీటర్ల దగ్గర ఆ కిటికీ 29 మిల్లీమీటర్లు. టార్గెట్ మీద నల్లటి వృత్తం 59.5 మిల్లీమీటర్లు. నల్లవృత్తంలో సగం వెడల్పు కూడా అందులో పట్టదు. కంటిపాపకి కూడా వెడల్పు ఉంది కాబట్టి చుట్టూ కాస్త మసక అంచు అదనంగా కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని గురి పెట్టలేం. సరే, కన్నం పెద్దది చేద్దాం అంటారు. నల్లవృత్తమూ, చుట్టూ కాస్త తెలుపూ కనిపించాలంటే 7 మిల్లీమీటర్లు కావాలి. వెలుగులో మన కంటిపాప 2 నుంచి 4 మిల్లీమీటర్లు. దానికంటే పెద్ద కన్నం దేన్నీ అడ్డుకోదు, మసకా తగ్గించదు. చూడ్డానికి సరిపడా పెద్దదైతే పని చేయదు, పని చేసేంత చిన్నదైతే చూడనివ్వదు. అమ్మేవాళ్ళు ఈ మాట మాత్రం చెప్పరు.

పోనీ పిస్టల్‌నే కంటి దగ్గరికి తెచ్చుకుందామా? దయచేసి అలా ఆలోచించకండి. సెమీ ఆటోమేటిక్‌లో స్లైడ్ వెనక్కి దూసుకొస్తుంది, చాలావాటిలో రియర్ సైట్ ఉండేది దాని మీదే.

ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. పెద్ద రింగు, పలచటి అంచు, ఘోస్ట్ రింగ్ అంటారు, అది బిగించుకుని దగ్గరి దూరాల్లో వేగంగా కాల్చేవాళ్ళున్నారు. రింగు మధ్యలో ఫ్రంట్ సైట్ పెట్టి కొట్టెయ్యడమే. వాళ్ళకి నచ్చితే నాకు అభ్యంతరం లేదు. కానీ రైఫిల్ మీద ఆ రింగు కంటి దగ్గర ఉండి నీడలా కరిగిపోతుంది. పిస్టల్ మీద చేతి దూరంలో అది కరగదు, చక్కగా రింగులాగే కనిపిస్తుంది. అది వేగానికి ఉపాయం, చత్వారానికి మందు కాదు.

మరి మందెక్కడుంది? కన్నం కళ్ళద్దాల మీదకి రావాలి. షూటింగ్ గ్లాసెస్‌కి ముందు బిగించే ఐరిస్ మీరు చూసే ఉంటారు. చిన్న పిడి తిప్పితే కన్నం పెద్దదవుతుంది, చిన్నదవుతుంది. కంటికి రెండు మూడు సెంటీమీటర్ల దూరమే కాబట్టి టార్గెటూ కనిపిస్తుంది, సైట్లూ కనిపిస్తాయి, అన్నిటి మసకా కాస్త కాస్త తగ్గుతుంది. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. మరీ మూసేయకండి. కన్నం వ్యాసం సగం చేస్తే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. మరీ చిన్నదైతే వెలుగు అంచుల దగ్గర చెదిరి మసక ఇంకో దారిన లోపలికొస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కొరియా షూటర్ కిమ్ యేజీ ఒక కంటి ముందు లెన్స్, రెండో కంటికి అడ్డు పెట్టుకుని నిలబడిన ఫొటో మీరందరూ చూశారు. టర్కీ షూటర్ యూసుఫ్ దికేచ్ మామూలు కళ్ళద్దాలతో, జేబులో చెయ్యి పెట్టుకుని కాల్చిన ఫొటో అంతకన్నా ఎక్కువ చూశారు. ఇద్దరికీ వెండి పతకాలే వచ్చాయి. కాబట్టి సరంజామా లేకపోతే పతకం రాదని నేననను. నేను మాట్లాడేది కనిపించక మానేస్తున్నవాళ్ళతో.

ఐరిస్ కంటే ముందు లెన్స్ సరిగ్గా ఉండాలి. ఇక్కడే నా అసలు బాధ. అధ్యక్షులు గారు వాచీ చూసుకుంటున్నారు, అయినా ఇది చెప్పకుండా దిగను.

కళ్ళద్దాల కొట్టుకి వెళ్ళాను. "సార్, చదవడానికా, దూరం చూడ్డానికా?" అన్నాడు కుర్రాడు. "రెండూ కాదు బాబూ, మీటరు దూరంలో ఒక ఇనప ముక్క అంచు కనపడాలి" అన్నాను. "అయితే చదవడానికే" అని రాసుకున్నాడు. అద్దాలొచ్చాయి, పేపర్ బ్రహ్మాండంగా కనపడింది. రేంజ్‌లో పెట్టుకుంటే ఫ్రంట్ సైట్ ముందుకన్నా ఘోరం, టార్గెట్ ఒక మబ్బు. మళ్ళీ వెళ్ళాను. ఈసారి ప్రోగ్రెసివ్ తీసుకోమన్నాడు, "అన్ని దూరాలూ అందులోనే ఉంటాయి సార్." ఉంటాయి, తల ఎత్తితే ఒకటి, దించితే ఒకటి. తల కదపకూడని ఆటలో అదేం పని? మళ్ళీ వెళితే ఓనరే వచ్చి, "సార్, మీరు అడ్జస్ట్ కావాలి, అలవాటైపోతుంది" అన్నాడు. దేనికి అలవాటు పడాలి, కనపడకపోవడానికా? అంత డబ్బు తీసుకుని, కస్టమర్ నోరు తెరిచి దూరం చెబుతుంటే వినరా? ఇది నా ఒక్కడి బాధ కాదు. ఈ హాల్లో ఎంతమందికి ఇదే జరిగింది? చేతులెత్తండి. చూశారా అధ్యక్షులు గారూ?

చివరికి పిస్టల్ ఎలాగూ కొట్టుకి తీసుకెళ్ళకూడదు కాబట్టి ఒక దారం తీసుకెళ్ళాను. రేంజ్‌లో ఖాళీ పిస్టల్‌తో పొజిషన్‌లో నిలబడితే, మావాడొకడు నా కంటి పక్క నుంచి దారం పట్టి రియర్ సైట్ దగ్గర ఒక ముడి, ఫ్రంట్ సైట్ దగ్గర ఇంకో ముడి వేశాడు. వేరే కొట్టులో కొత్తగా చేరిన అమ్మాయి ఆ దారం చూసి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. నల్లకాగితం సన్నగా కత్తిరించి రెండో ముడి దగ్గర స్టాండుకి అంటించింది. నా దూరం చూపు నంబరు మీద పావు పావు పెంచుకుంటూ వచ్చి, 0.75 దగ్గర ఆగింది. కాగితం అంచు బ్లేడుతో కోసినట్టు కనపడింది.

0.75 ఎందుకొచ్చిందో చూడండి. మీటరు దూరంలో ఉన్నదాన్ని చూడ్డానికి కంటికి 1 డయాప్టర్ కావాలి, కళ్ళద్దాల నంబరుని కొలిచేది దీనితోనే. 10 మీటర్ల దూరానికి 0.1 చాలు. రెండింటి మధ్యలో ఎక్కడో ఒక చోట, ఫ్రంట్ సైట్ వైపు కాస్త మొగ్గి ఆగాలి. చాలామందికి దూరం నంబరు మీద 0.5 నుంచి 0.75 మధ్య కుదురుతుంది. చదివే అద్దాలు ఇంతకంటే చాలా ఎక్కువ, వాటిని రేంజ్‌కి తేకండి. ముందు ఈ లెన్స్, తర్వాత దాని మీద ఐరిస్. లెన్స్ తప్పుగా ఉన్నప్పుడు ఐరిస్‌తో సర్దుకోవాలని చూస్తే కన్నం మూసుకుంటూ మూసుకుంటూ చీకట్లో పడతారు. ఇంకో సంగతి, లెన్స్ మధ్యభాగం మీ చూపు గీతకి సూటిగా ఉండాలి. షూటింగ్ ఫ్రేమ్‌లో లెన్స్‌ని అటూ ఇటూ జరుపుకునే ఏర్పాటు ఉండేది అందుకే.

రూల్స్ గురించి చీటీ వచ్చింది. ఐఎస్‌ఎస్‌ఎఫ్ అంటే అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య, దాని పిస్టల్ పోటీల్లో ఓపెన్ సైట్లే, అంటే కన్నమూ లెన్సూ లేని సైట్లే ఉండాలి. పిస్టల్‌కి లెన్స్ బిగించకూడదు, షూటర్ పెట్టుకోవచ్చు. రెండో కంటికి పెట్టే అడ్డు 30 మిల్లీమీటర్ల వెడల్పు దాటకూడదు. అంటే ఇంతసేపూ నేను మొత్తుకుంటున్నదే రూల్ పుస్తకంలోనూ ఉంది. ఐరిస్ పెట్టుకున్నవాళ్ళని చూసి "చీటింగ్" అని గొణిగే పెద్దమనుషులు ఒకసారి ఆ పేజీ తిప్పితే బాగుంటుంది. రెడ్ డాట్, అంటే అద్దం మీద ఎర్రచుక్క చూపించే సైట్, దాని సంగతేంటని ఇంకో చీటీ. అనుమతి ఉన్న పోటీల్లో చత్వారానికి అది హాయి, చుక్కా టార్గెటూ ఒకే దూరంలో ఉన్నట్టు కనిపిస్తాయి. మన పోటీల్లో కుదరదు.

తూటా కాల్చే పిస్టళ్ళ వాళ్ళకి ఒక హెచ్చరిక. ఐరిస్ ఫ్రేమ్ కంటికి రక్షణ కాదు. పగలని అద్దాలు తప్పనిసరి.

టీ తర్వాత నేను మూడో లేన్ దగ్గరుంటాను. ఎవరికైనా కొలత కావాలంటే పిస్టల్ అన్‌లోడ్ చేసి, గొట్టం ఖాళీ అని చూపించే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి, రేంజ్ ఆఫీసర్‌కి చూపించాకే లైన్ మీదకి రండి. దారం నా దగ్గర కావలసినంత ఉంది. కత్తెర ఒకటి ఎవరైనా తెండి.