వెన్నెల రాత్రి హాలోవీన్ కార్డు: మిక్స్‌డ్ మీడియాలో పొరలు పేర్చే పద్ధతి

నమస్కారం. అక్టోబరు 31న వచ్చే హాలోవీన్ కోసం కాగితం, సిరా, పేస్టు, గుడ్డ కలిపి చేసే ఒక మిక్స్‌డ్ మీడియా కార్డును ఈ వీడియోలో చేసి చూపిస్తాను. నిండు చంద్రుడు, ఆ వెలుగులో నల్లగా కనిపించే ఒక పాడుబడిన ఇల్లు, దాని కింద పొగమంచు: బొమ్మ ఇంతే. దీని అందమంతా వెనుక ఉన్న పొరల్లో ఉంటుంది, ఆ పొరలు శుభ్రంగా నిలవాలంటే ఒకటి పూర్తిగా ఆరిన తరువాతే మరొకటి వేయాలి.

ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో అమెరికాలో హాలోవీన్ పోస్టుకార్డులు పంపుకోవడం విరివిగా ఉండేది. వాటిలో చాలావరకు జర్మనీలో అచ్చయ్యేవి. గుమ్మడికాయలు, నల్లపిల్లులు, మంత్రగత్తెల బొమ్మలు కొన్నింటిలో ఉబ్బెత్తుగా లేచి వేలికి తగిలేవి. చేతితో తడిమి చూడగలిగే ఆ గుణమే ఈ కార్డులోనూ రావాలని నా కోరిక.

ముందుగా 8½ × 11 అంగుళాల కార్డ్‌స్టాక్‌ను (మందపాటి కాగితాన్ని) అడ్డంగా సగానికి కోసి, ఒక ముక్కను మధ్యకు మడిస్తే 4¼ × 5½ అంగుళాల కార్డు సిద్ధమవుతుంది. రంగుల పని మాత్రం నేరుగా దీని మీద చేయకూడదు, ఎందుకంటే తడికి మడత వంకర తిరుగుతుంది. అందుకని 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాములు) వాటర్‌కలర్ పేపర్‌ను 4 × 5¼ అంగుళాలకు కోసి, పనంతా దాని మీద చేసి, చివర్లో కార్డుకు అతికిస్తాము.

పాత పుస్తకపు పేజీలను చేత్తో చింపి, మాట్ జెల్ మీడియంను (ఆరాక మెరవని, పారదర్శకమైన యాక్రిలిక్ జిగురును) పేజీ కింద ఒక పూత, పైన ఒక పూత వేస్తూ అతికించండి. కత్తెరతో కోసిన అంచు గీత గీసినట్టు కనిపిస్తుంది, చింపిన అంచు రంగులో కలిసిపోతుంది. తెలుగు పేజీ కావాలనుకుంటే లేజర్ ప్రింటరు మీద తీసుకోండి, ఇంక్‌జెట్ ప్రింటరు సిరా చాలావరకు తడి తగలగానే కారిపోతుంది. ఇది ఆరాక తెల్లని జెస్సోను (రంగులకు ముందు వేసే చిక్కటి అడుగు పూతను) పాత ప్లాస్టిక్ కార్డుతో పల్చగా లాగండి. అక్షరాలు సగం కనబడాలి, సగం మరుగున పడాలి.

జెస్సో ఆరిన తరువాత, సుమారు రెండు అంగుళాల గుండ్రటి మాస్కింగ్ కాగితాన్ని (రంగు అంటకుండా కప్పి, తరువాత ఊడదీసే కాగితాన్ని) చంద్రుడు ఉండవలసిన చోట అంటించి, దాని చుట్టూ పసుపు, ఆ తరువాత నారింజ, అంచుల్లో ఊదా రంగు డై సిరాను (తడికి కరిగే సిరాను) స్పాంజితో గుండ్రంగా రుద్దుతూ వేయండి. ఇక్కడ తొందరపడితేనే పని ఎక్కువగా చెడుతుంది. నారింజ, ఊదా రంగులు తడిగా కలిస్తే బురద గోధుమ రంగు వస్తుంది, ఎందుకంటే ఊదాలో ఉన్న నీలం నారింజ రంగు మెరుపును చంపేస్తుంది. అందుకని ఆ రెండింటి మధ్య సన్నటి గులాబీ రంగు పట్టీ వేసి, అది ఆరిన తరువాతే ఊదాను మొదలుపెట్టండి. చివరగా వేళ్లతో నాలుగు నీటి చుక్కలు చిలకరించి, టిష్యూతో అద్దితే డై సిరా అక్కడక్కడ లేచిపోయి, ఆకాశానికి మబ్బు మరకలు వస్తాయి. ఇప్పుడు మాస్క్ తీస్తే, చంద్రబింబంలో పాత అక్షరాలు మసకగా కనిపిస్తాయి. నాకు ఈ కార్డులో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

సాలెగూడు స్టెన్సిల్‌ను (ఆ ఆకారంలో ఖాళీలు కోసిన పల్చటి పలకను) ఒక మూలకు ఆనించి, గట్టి పెరుగులా ఉండి, ఆరాక ఉబ్బెత్తుగా నిలిచే టెక్స్చర్ పేస్టును ప్యాలెట్ కత్తితో ఒకేసారి లాగి, స్టెన్సిల్‌ను నిటారుగా పైకెత్తండి. తడిగా ఉండగా హీట్ గన్ (వేడి గాలి ఊదే పరికరం) పెడితే పేస్టులో బుడగలు లేస్తాయి కాబట్టి, దానంతట అదే ఆరనివ్వాలి. మందాన్ని బట్టి కొన్ని గంటలు పడుతుంది.

పొగమంచుకు పల్చటి గాజుగుడ్డ తీసుకుని, టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టి, కొన్ని పోగులు లాగేసి, వేళ్లతో సాగదీయండి. జెల్ మీడియంలో కొద్దిగా నీళ్లు కలిపి, దానితో గుడ్డను కార్డు అడుగు భాగాన అతికించండి. మడతలు సరిచేయకండి, ఆ ముడతలే మంచుకు ప్రాణం.

ఇల్లు, గబ్బిలాలు నల్ల కార్డ్‌స్టాక్‌తో కోయండి. గబ్బిలానికి కాగితాన్ని రెండుగా మడిచి సగం రెక్క గీసి కోస్తే రెండు వైపులా సమంగా వస్తుంది. ఇంటిని ఫోమ్ టేపుతో ఎత్తుగా అతికించి, దాని అడుగును గాజుగుడ్డలోకి కాస్త దూర్చండి.

శుభాకాంక్ష కోసం నల్ల కాగితపు పట్టీ మీద ముందుగా పలచగా టాల్కమ్ పౌడరు అద్ది, ఎంబాసింగ్ సిరాతో (నెమ్మదిగా ఆరే జిగట సిరాతో) ముద్ర వేసి, తెల్ల ఎంబాసింగ్ పౌడరు (వేడికి కరిగి ఉబ్బెత్తుగా నిలిచే పొడి) చల్లి, మిగిలినది దులిపేయండి. తరువాత హీట్ గన్‌తో వేడి చేయండి. పౌడరు కరిగి మెరుపు తేలగానే హీట్ గన్‌ను పక్కకు తీయాలి, ఇంకా వేడి తగిలితే అక్షరాలు కాగితంలోకి ఇంకి చదునైపోతాయి.

పోస్టులో పంపేవారు కవరులో పెట్టి మందం కొలవండి. అమెరికా తపాలా శాఖ లెక్కలో ఉత్తరం పావు అంగుళం దాటకూడదు, ఎగుడుదిగుడుగా ఉన్న కవరుకు అదనపు రుసుము కూడా ఉంటుంది. మందం ఎక్కువనిపిస్తే ఇంటి కింద ఫోమ్ టేపు తీసి, మామూలు జిగురుతో అంటించండి.