లవంగ నూనె వేస్తే పచ్చడి నిలవుంటుందా?

యాంకర్: తెనాలి నుంచి ఒకమ్మ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. ఇంట్లో పచ్చళ్లు పట్టి అమ్ముతుంటానండి. కొనేవాళ్లు ప్రిజర్వేటివ్ వద్దంటున్నారు. సోడియం బెంజోయేట్ మానేసి లవంగ నూనె చుక్కలు వెయ్యమంటాడు మా అబ్బాయి. పనిచేస్తుందా సార్?

నిపుణుడు: లవంగ నూనెలో ఎక్కువ భాగం యూజినాల్ అమ్మా. బ్యాక్టీరియా పైపొరను అది దెబ్బతీస్తుంది, అబ్బాయి చెప్పిందాంట్లో నిజముంది. కానీ పచ్చట్లో వేస్తే అది నూనెలోకే చేరిపోతుంది. సూక్ష్మజీవులు పెరిగేదేమో ముక్కలో, ఊటలో, తడి ఉన్నచోట. అక్కడ పనిచేసేంత వేశారంటే పచ్చడంతా పంటినొప్పి మందు వాసనే.

కాలర్: మరి ఆవకాయ ఏమీ వెయ్యకుండానే ఏడాది ఉంటుంది కదండీ?

నిపుణుడు: ఆవాల్లో సినిగ్రిన్ అనే పదార్థం, మైరోసినేజ్ అనే ఎంజైమ్ వేర్వేరుగా ఉంటాయి. పిండి కొట్టి, మామిడి ఊట తగిలాక రెండూ కలిసి ఆ ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది. దాని పేరు అల్లైల్ ఐసోథయోసయనేట్. బూజును బాగా అడ్డుకుంటుంది. ఎండబెట్టి కొట్టిన పిండికే ఆ గుణం. బాగా వేయిస్తే ఎంజైమ్ పోతుంది. అయితే ఆ ఘాటు నెలల తరబడి నిలవదు. ఏడాది పొడుగునా కాపాడేది ఉప్పు, మామిడి పులుపు. అవి మాత్రం తగ్గించకండి.

కాలర్: అయ్యో... బీపీ ఉన్నవాళ్ల కోసం ఉప్పు బాగా తగ్గించి, నిమ్మరసం లేకుండా వెల్లుల్లి నూనెలో వేశానండి. వెల్లుల్లే మందు కదా అని. ఇంకా అమ్మలేదు, చుట్టాలకిచ్చాను.

నిపుణుడు: ఈ రోజే ఫోన్ చేసి తినొద్దని చెప్పండమ్మా. వెల్లుల్లి చిదిపితే అల్లిసిన్ వస్తుంది, సూక్ష్మజీవులను చంపుతుంది, కానీ త్వరగా విరిగిపోతుంది. మట్టి నుంచి వెల్లుల్లికి అంటుకొచ్చే క్లోస్ట్రీడియం బొటులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు అలాగే ఉండిపోతాయి. గాలి తగలనివ్వకుండా బూజును ఆపే నూనే వాటికి అనుకూలం. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో బయట ఉంచిన నూనె-వెల్లుల్లి సీసా వల్ల 30 మందికి పైగా జబ్బుపడ్డారు. ఆ బ్యాక్టీరియా వదిలే విషానికి వాసన, రుచి ఉండవు. నాలుక మీద వేసుకుని చూడటం కూడా వద్దు.

కాలర్: అయితే వెల్లుల్లి పచ్చడి పట్టకూడదా అండీ?

నిపుణుడు: భేషుగ్గా పట్టండి, పులుపుతో. రెబ్బ లోపలిదాకా నిమ్మరసం ఎక్కాలి. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. అది 4.6 కన్నా తక్కువ ఉంటే ఆ బ్యాక్టీరియా పెరగదు. మీరు 4 లోపే ఉంచండి. పీహెచ్ చూసే కాగితం పట్టీ వద్దు, కారం రంగులో తేడా తెలీదు. చిన్న పీహెచ్ మీటర్ కొనండి. నూనె వంచేసి, ముక్కలు మెత్తగా నూరి చూడండి. ప్రతి వాయీ చూడాల్సిందే.

కాలర్: చుట్టాలు తినేసుంటే సార్?

నిపుణుడు: చూపు మసకబారినా, రెప్పలు వాలిపోతున్నా, మింగలేకపోయినా, మాట ముద్దగా వస్తున్నా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లమనండి. నూనెలో వేసిన వెల్లుల్లి తిన్నారని డాక్టరుకు ముందే చెప్పాలి. దానికి విరుగుడు మందుంది, ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. ఇక ఫోన్ పెట్టేసి వాళ్లకి చెయ్యండమ్మా.