కమ్యూనిటీ మేనేజరుకు జీతం ఎవరివ్వాలి?
(విజయవాడలో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు నడిపేవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట బెంజి సర్కిల్ ట్రాఫిక్‌ దాటుకుని మరీ వచ్చారు, కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

"మా ప్రాజెక్టుకి కమ్యూనిటీ మేనేజర్‌ని పెట్టుకుందాం అనుకుంటున్నాం, ఎలాంటివాళ్ళని తీసుకోవాలండీ?" అని ఈమధ్య కొందరు అడుగుతున్నారు. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచి, ఎవరైనా వాడుకుని బాగుచేసే సాఫ్ట్‌వేర్. అందులో కోడ్ రాయకుండా, రాసేవాళ్ళకీ వాడేవాళ్ళకీ మధ్య మాటలూ గొడవలూ చూసుకునేవాళ్ళే కమ్యూనిటీ మేనేజర్. నేను ముందు జీతం సంగతి అడుగుతాను. డబ్బు ఎటునుంచి వస్తుందో తేలితే, ఆ మనిషి ఎవరి మాట వింటాడో కూడా తేలిపోతుంది.

అసలు ఆ మనిషి ఎందుకు అనేవాళ్ళకి ఎక్స్‌జెడ్ యుటిల్స్ కథ చెప్పాలి. అది ఫైళ్ళను కుదించే చిన్న సాధనం. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడే కంప్యూటర్లలో దాదాపు అన్నిట్లోనూ ఉంటుంది. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, దూరంలోని కంప్యూటర్లోకి వెళ్ళే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వితే, ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో కంప్యూటర్లలోకి చొరబడే దొంగదారి బయటపడింది. అందరూ ఆ అర సెకను గురించే చెప్పుకుంటారు. నాకు మాత్రం 2022లో జరిగింది ముఖ్యం. ఆ ప్రాజెక్టును లాసె కోలిన్ అనే ఒక్కాయన జీతం లేకుండా చూసుకునేవారు. మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది డబ్బులొచ్చే పని కాదని ఆయనే బహిరంగంగా రాశారు. అప్పుడే ఎన్నడూ వినని పేర్లతో కొందరు వచ్చి ప్యాచ్‌లు (కోడ్‌కి ఇతరులు పంపిన మార్పులు) పట్టించుకోవడం లేదని, ఇంకొకరికి అప్పజెప్పమని ఆయన్ని సతాయించారు. మరోపక్క జియా టాన్ అనే పేరుతో ఒకరు ఓపిగ్గా సాయం చేస్తూ నమ్మకం సంపాదించి, చివరికి మెయింటెయినర్, అంటే ప్రాజెక్టును చూసుకునే బాధ్యులు, అయ్యారు. దొంగదారి పెట్టింది ఆ పేరు మీదే. సతాయించినవాళ్ళూ ఆ ముఠావాళ్ళేనని అనుమానం.

అక్కడ ఒక కమ్యూనిటీ మేనేజర్ ఉంటే దాడి ఆగిపోయేదని నేను చెప్పను. కానీ ఆ సతాయింపుకి జవాబు చెప్పడం, "మీరెవరు, ఇంతకుముందు ఎక్కడ పని చేశారు?" అని అడగడం ఇంకొకరి పనిగా ఉండేది. ఆయన ఒంటరిగా పడాల్సి వచ్చేది కాదు.

మన డెల్టా వాళ్ళకి ఈ ఉద్యోగం తేలిగ్గా అర్థమవుతుంది. కాలవ మీద లస్కర్ ఉంటాడు చూడండి, ఆయన దుక్కి దున్నడు, నాటు వెయ్యడు. షట్టర్లు ఎత్తుతాడు, దించుతాడు, శివారు భూములకి వంతు అందేలా చూస్తాడు, రెండు ఊళ్ళవాళ్ళు గొడవ పడితే మధ్యలో నిలబడతాడు. ఇప్పుడు ఆ లస్కర్‌కి కాలవ మొదట్లో ఉన్న పెద్ద రైతు నెలనెలా జీతం ఇస్తున్నాడనుకోండి. నీళ్ళు ఎటు పోతాయో తెనాలి నుంచి వచ్చినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఒకే కంపెనీ డబ్బుతో నడిచే కమ్యూనిటీ మేనేజరుది ఇదే ఇబ్బంది. జోనో బేకన్ 2006 నుంచి 2014 దాకా కెనానికల్ కంపెనీలో, అది తయారుచేసే ఉబుంటు అనే లినక్స్‌కి కమ్యూనిటీ మేనేజరుగా చేశారు. ఈ ఉద్యోగానికి ఒక రూపం తెచ్చినవాళ్ళలో ఆయన ఒకరు. అయినా 2012లో ఉబుంటు 12.10లో మన కంప్యూటర్లో ఫైలు కోసం వెతికితే అమెజాన్ సరుకులు కూడా చూపించడం మొదలైనప్పుడు, కోపగించుకున్నవాళ్ళకి కంపెనీ తరఫున సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. మనిషి మంచివాడా కాదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు.

అలాగని మనమే చందాలు వేసుకుని ఇచ్చేస్తే సరిపోతుందా? డెబియన్ అనే మరో లినక్స్ ప్రాజెక్టులో 2006లో డంక్ ట్యాంక్ అని ఒక ప్రయోగం జరిగింది. డిసెంబరు కల్లా కొత్త వెర్షన్ తెద్దామని ఇద్దరు రిలీజ్ మేనేజర్లకు డబ్బు ఇచ్చారు. మిగతావాళ్ళలో కొందరికి మండింది. "మేం ఊరికే చేస్తున్నాం కదా, వాళ్ళకే ఎందుకు?" అని పని తగ్గించేశారు. చివరికి ఆ వెర్షన్ 2007 ఏప్రిల్లో వచ్చింది. వెబ్‌సైట్లు కట్టే సాధనం జాంగో వాళ్ళు తెలివిగా చేశారని నా ఉద్దేశం. 2014లో వాళ్ళ ఫౌండేషన్ ఫెలో అనే పోస్టు పెట్టింది. వచ్చిన టికెట్లు (లోపాల ఫిర్యాదులు, కోరికలు) వేరు చేయడం, ప్యాచ్‌లు చూడడం, సెక్యూరిటీ ఫిర్యాదులు పట్టించుకోవడం ఆ ఫెలో పని. అంటే సరదాగా ఎవరూ చెయ్యని పని. దానికి జీతం ఇస్తే ఎవరికీ అసూయ రాదు. ఇప్పటికీ నడుస్తోంది.

మన ఊరి లెక్క వేద్దాం. నెలకు 40,000 అనుకోండి, ఏడాదికి 4.8 లక్షలు. లాప్‌టాప్, నెట్, బస్సు ఛార్జీలు, ఆడిటర్ ఫీజు కలిపితే 6 లక్షలు. రెండేళ్ళకి 12 లక్షలు చేతిలో ఉన్నాకే ప్రకటన ఇవ్వండి. ఆర్నెల్ల డబ్బుతో ఒకర్ని ఉద్యోగం మానిపించి తెచ్చుకోవడం పాపం. అందులో ఏ ఒక్కరి వాటా సగం దాటకూడదు. షేర్ల బ్రోకరేజీ కంపెనీ జెరోధా 2024 అక్టోబరులో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల కోసం ఏడాదికి 10 లక్షల డాలర్లతో ఫ్లాస్ ఫండ్ ప్రకటించింది. కనీస గ్రాంటు 10,000 డాలర్లు, మన డబ్బుల్లో 8 లక్షల పైమాటే. వచ్చిందనుకోండి, మొత్తం జీతానికే పెట్టెయ్యకండి. కొంత సర్వర్లకీ డాక్యుమెంటేషన్‌కీ పోనివ్వండి, మిగతా జీతం వేరేచోట నుంచి తెచ్చుకోండి.

విదేశీ విరాళాల దగ్గర జాగ్రత్త. మీరు ఆంధ్రప్రదేశ్ 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీ రిజిస్టర్ చేశారనుకోండి, అమెరికా నుంచి మన తెలుగువాళ్ళు ప్రేమగా పంపినా, వాళ్ళు అక్కడి పౌరులైపోయి ఉంటే అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్ రావాలంటే సొసైటీకి మూడేళ్ళు నిండాలి, ఆ మూడేళ్ళలో 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. కొత్త సొసైటీకి అది అయ్యే పని కాదు. ఇక్కడి డబ్బుతోనే మొదలుపెట్టండి.

ఇక ఎవరిని? బాగా కోడ్ రాసేవాళ్ళని వద్దు. వాళ్ళని ఈ కుర్చీలో కూర్చోబెడితే కోడూ పోతుంది, వాళ్ళ టెన్షన్ మనకి అంటుకుంటుంది. స్టేజి మీద బాగా మాట్లాడేవాళ్ళ మీద కూడా నాకు అంత నమ్మకం లేదు (నేనూ స్టేజి మీదే ఉన్నాను, తెలుసు). పాత ఇష్యూలు (ప్రాజెక్టులో లోపాల మీద నమోదైన చర్చలు) తిరగెయ్యండి. కొత్తవాళ్ళు అడిగిన తెలివితక్కువ ప్రశ్నకి విసుక్కోకుండా జవాబు చెప్పిందెవరు? గొడవ ముదిరినప్పుడు ఇద్దరితో విడివిడిగా మాట్లాడిందెవరు? ఆ పేర్లు మీకు రెండో మూడో దొరుకుతాయి. ముందు వాళ్ళని అడగండి.

మన దగ్గర ఇంకో అర్హత కూడా కావాలి. పాత అను ఫాంట్ల టైపింగ్‌ని, ఫోన్లలోనూ నెట్‌లోనూ వాడే యూనికోడ్‌లోకి మార్చే సాధనం మీది అనుకోండి. దాన్ని రోజూ వాడేది ఏలూరు రోడ్డు ప్రెస్సులో డీటీపీ చేసే ఆవిడ. ఆవిడ, కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైటులో ఇష్యూ తెరవదు. "బాబూ, క్షకి వత్తు ఎగిరిపోతోంది" అని ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్ ఎత్తి, శాంపిల్ ఫైలు తెప్పించుకుని, దాన్ని ఇష్యూగా రాసి, బాగయ్యాక తిరిగి ఫోన్ చేసి చెప్పేవాళ్ళు కావాలి.

పని కొలవడానికి అంకెలు పెట్టకండి. నాలుగు పుల్ రిక్వెస్టులకి (మా మార్పు కలుపుకోండని పంపే విన్నపాలకి) టీషర్టు అన్నందుకు 2020 హాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ పండగలో ఏమైందో గుర్తుందా? రీడ్‌మీ అనే పరిచయ ఫైల్లో ఒక్క పదం మార్చి పంపిన పుల్ రిక్వెస్టులతో మెయింటెయినర్లు తల పట్టుకున్నారు. ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చేస్తూ నిర్వాహకులు పండగ మధ్యలో నిబంధన మార్చాల్సి వచ్చింది. ఏడాది కిందట మొదటి ప్యాచ్ పంపినవాళ్ళు ఇంకా ఉన్నారా, లేకపోతే ఎందుకు వెళ్ళిపోయారు అన్నది మేనేజర్ చెప్పగలగాలి. నాకు అది చాలు.

చివరగా, మెర్జ్ హక్కులు, అంటే మార్పుల్ని అసలు కోడ్‌లో కలిపే అధికారం, ఆ పోస్టుకి అక్కర్లేదు. మేనేజర్‌ని తీసుకోవడానికీ తీసెయ్యడానికీ ముగ్గురి కమిటీ ఉండాలి, అందులో ఒకరు కోడ్ రాయని వాడకందారు కావాలి. టెలిగ్రామ్ గ్రూప్ అడ్మిన్, డొమైన్, బ్యాంకు సంతకం, ఏదీ మేనేజర్ ఒక్కరి చేతిలో ఉండకూడదు, ప్రతిదానికీ రెండో మనిషి ఉండాలి. ఇది మాత్రం మేనేజర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఈ వారమే చేసుకోవచ్చు.

ఇక మీ ప్రశ్నలు.