ఉమ్మిలో ఎర్ర జీర

అందరికీ నమస్కారం.

పొద్దున్నే బ్రష్ చేసుకుని ఉమ్మితే నురుగులో ఎర్ర జీర కనిపిస్తుందా అని పళ్ల డాక్టర్‌గా నా దగ్గరికి వచ్చేవాళ్లందరినీ అడుగుతాను. చాలామంది ఒకటే మాట అంటారు: "ఆ, అప్పుడప్పుడూ వస్తుందండీ, ఎప్పట్నుంచో ఉన్నదే." తల దువ్వుకున్నప్పుడల్లా దువ్వెనకి నెత్తురు అంటితే ఆ మాట అనం, ఆ రోజే డాక్టర్ దగ్గరికి పరిగెడతాం. నోట్లో వచ్చే నెత్తురుకే ఎందుకో ఆ మర్యాద దక్కదు.

మా దగ్గర ప్రోబ్ అని ఒక సన్నటి పరికరం ఉంటుంది. మొద్దు మొన, మీద మిల్లీమీటర్ల గీతలు. పంటికీ చిగురుకీ మధ్య దాన్ని మెల్లగా దించి, ఎంత లోతు దిగిందో పైకి చెబుతాం, అసిస్టెంట్ రాసుకుంటారు. ఒక్కో పంటికి ఆరు చోట్ల. "రెండు, మూడు, రెండు" అని సాగుతున్నంతసేపు కుర్చీలో ఉన్నవాళ్లకి కునుకు కూడా పడుతుంది. "ఆరు" అన్నానా, కళ్లు తెరిచి నా వైపు చూస్తారు. ఆరు మంచిది కాదని ఎవరూ చెప్పక్కర్లేదు. 3 దాకా మామూలే. అది దాటితే చిగురు పంటిని వదిలి లోపల సంచి కట్టిందేమోనని చూడాలి.

ఆ సంచి లోపలి గోడ పుండు పడి ఉంటుంది. అద్దంలో కనిపించదు, నొప్పీ పెద్దగా ఉండదు. అన్ని పళ్ల చుట్టూ ఉన్న గోడలు కలిపి పరిస్తే అరచేయంత పుండు అవుతుందని మీరు చదివే ఉంటారు. అది కాస్త పెంచి చెప్పడమే. జాగ్రత్తగా లెక్కగట్టినవాళ్లు 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు అన్నారు. పెద్ద లెక్కే తీసుకున్నా అగ్గిపెట్టె కంటే కొంచెం ఎక్కువ. అయినా అంత పుండు ఏళ్ల తరబడి మానకుండా ఉండటం తక్కువ సంగతేమీ కాదు.

ఇదంతా మొదలయ్యేది పాచితో. 1965లో డెన్మార్క్‌లో హారాల్డ్ లోయె బృందం ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించింది. 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం రోజులకల్లా వాపు దిగింది. ఆ ప్రయోగంలో నాకు ఈ రెండో సగమే ఇష్టం. పాచి గట్టిపడి గారగా మారి, వాపు లోపలికి దిగి, ఎముక కరగడం మొదలైతే మాత్రం అంత తేలిగ్గా వెనక్కి రాదు. దాన్నే పీరియాడాంటైటిస్ అంటాం.

విచిత్రం ఏమిటంటే ఆ ఎముకను కరిగించేది మన ఒంటి కణాలే. సంచిలో చేరిన సూక్ష్మజీవుల మీదికి తెల్లరక్తకణాలు దండుగా వస్తాయి. వచ్చి, ఇంకా సాయం కావాలని రసాయన కబుర్లు పంపుతాయి. ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్ లాంటివి అవే. ఈ కబుర్లకే ఎముకను కరిగించే కణాలు కూడా నిద్రలేస్తాయి. మామూలు గాయమైతే ఈ హడావిడి కొద్ది రోజుల్లో సద్దుమణుగుతుంది. ఇక్కడ పాచి పంటిని పట్టుకునే ఉంటుంది కాబట్టి సద్దుమణగదు. కబుర్లు నెత్తురులో పడి కాలేయం దాకా పోతాయి, అది సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపు, ఉందని రక్తపరీక్షలో పట్టిచ్చేది ఇదే. ఎక్కడుందో మాత్రం చెప్పదు. జ్వరం లేదు, కీళ్ల నొప్పి లేదు, సీఆర్‌పీ మాత్రం కాస్త పైనే ఉందంటే, నోరు కూడా ఒకసారి తెరిపించి చూడటం మంచిది.

షుగర్‌తో ఈ సంబంధం బాగా తేటగా కనిపిస్తుంది, అదీ రెండు వైపులా. షుగర్ అదుపు తప్పితే చిగుళ్లు త్వరగా పాడవుతాయి. చిగుళ్లు వాచి ఉంటే ఇన్సులిన్ పని సరిగ్గా సాగక షుగర్ దిగనంటుంది. చాలా పరిశోధనలను కలిపి చూస్తే, చిగుళ్లకు వైద్యం చేసిన మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటును చెప్పే రక్తపరీక్ష) సగటున 0.4 దాకా తగ్గింది. అంటే 8 ఉన్నది 7.6. మందులు మానేసేంత కాదు, తీసిపారేసేంతా కాదు.

గుండె దగ్గర మాత్రం నేను కాస్త ఆచితూచి మాట్లాడతాను. గుండెపోటు వచ్చినవాళ్ల నోళ్లు రానివాళ్లకంటే అధ్వాన్నంగా ఉన్నాయని 1989లో ఫిన్లాండ్ పరిశోధకులు రాశారు. 2007లో 120 మందితో చేసిన ఇంకో అధ్యయనంలో, చిగుళ్ల లోపలిదాకా క్లీనింగ్ చేసిన మర్నాడు రక్తనాళాల పనితీరు తగ్గింది. ఆరు నెలలకు మెరుగైంది. అయితే సంబంధం ఉన్నా, చిగుళ్లు బాగుచేస్తే గుండెపోటు ఆగుతుందనడానికి ఆధారం లేదని 2012లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తేల్చింది. పొగ తాగడం లాంటివి రెంటినీ పాడుచేస్తాయి మరి. (పొగ తాగేవాళ్లకి చిగుళ్ల నుంచి నెత్తురు తక్కువ వస్తుంది, లోపల జబ్బు ముదురుతున్నా సరే. నెత్తురు లేదని వాళ్లు నిశ్చింతగా ఉండకూడదు.) ఒంట్లో ఏ జబ్బు వచ్చినా పళ్లదే నేరమని, ఉన్న పళ్లన్నీ పీకేసిన రోజులు 20వ శతాబ్దం మొదట్లో ఉన్నాయి. అందుకే ఈ జాగ్రత్త.

మీరు అడగబోయే మొదటి ప్రశ్న నాకు తెలుసు. గార తీయిస్తే పళ్లు వదులవుతాయా అని. ఎముక అంతకుముందే కరిగిపోయి ఉంటుంది, ఇన్నాళ్లూ గారే గోడలా అడ్డుండి పంటిని పట్టి నిలిపింది. అది పోయాక అసలు సంగతి నాలుకకు తెలుస్తుంది, అంతే. వాపు దిగాక చిగురు మళ్లీ కొంత బిగుస్తుంది. రెండో ప్రశ్న, నెత్తురొచ్చే చోట బ్రష్ పెట్టొచ్చా అని. అక్కడే పెట్టాలి, మెత్తటి బ్రష్‌తో, పళ్ల సందులు కూడా వదలకుండా. రెండు వారాలకీ ఆగకపోతే వెళ్లి ప్రోబ్‌తో కొలిపించుకోండి.

మూడో ప్రశ్న మీరే అడగండి.